బడి మానిపించిన మా అమ్మాయి

33 సంవత్సరాలు బడిపంతులమ్మగా బ్రతికినదాన్ని నేను. సుద్దముక్కల పొడి పీల్చి, ఎర్రసిరా వేళ్లకు పూసుకుని, ఊరివారి పిల్లలకు ఎక్కాలూ భిన్నాలూ నేర్పి, ఆ పుణ్యాన ఈనాడు పింఛను తింటున్నదాన్ని. అటువంటి నాతో 2021 జూన్‌లో ఒకనాటి రాత్రి మా అమ్మాయి అమెరికానుంచి ఫోను చేసి, "అమ్మా, పిల్లల్ని ఇక బడికి పంపం. ఇంట్లోనే నేను చదువు చెప్పుకుంటాను. ఆయనా నేనూ ప్రార్థన చేసుకుని నిశ్చయించుకున్నాం" అన్నది. నా ప్రాణం ఎట్లా వుండివుంటుందో చదువరులే ఊహించుకోవచ్చు. ప్రార్థన చేసుకుని నిశ్చయించుకున్నామన్న తర్వాత ఇక పెద్దవాళ్లు నోరెత్తటానికి చోటెక్కడిది? "సరే తల్లీ" అని ఫోను పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావారు మాత్రం, "నీ ఉద్యోగం పోయినట్లు ఏడుస్తావేమే, నీ పింఛను నీకు వస్తూనే వుంటుందిగా" అని హాస్యమాడి అటు తిరిగి పడుకున్నారు.

నా బాధ ఉద్యోగాన్ని గురించి కాదు. మా ఇంట్లో బడికి ఒక చరిత్ర వుంది. మా పూర్వులది నెల్లూరు ప్రాంతం. మా ముత్తాతను ఊరిబడి అరుగు మీద అడుగుపెట్టనివ్వని రోజులవి. ఆయనకు అక్షరం ముక్క పెట్టింది అమెరికన్ బాప్టిస్టు మిషను వారి బడి. ఆ మిషను 1840లో నెల్లూరులో నెలకొన్నది. ఏళ్లు గడిచినా ఫలం కనబడక, మూసివేద్దామా అని 1853లో వారు తర్జనభర్జన పడినప్పుడు దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు వచ్చింది. మొత్తానికి మూయలేదు. ఆ బడి పెట్టిన అక్షరం ముక్కతోనే మా తాతగారు మద్రాసు వచ్చి పెరంబూరు రైలు కార్ఖానాలో పనికి కుదిరారు. మా నాన్న గుమాస్తా అయినాడు. నేను పంతులమ్మనైనాను. మా అమ్మాయి ఇంజనీరయింది. మా వంశానికి దేవుని గుడి తర్వాత గుడి బడే. ఏ దేశంవారు ఓడలెక్కి వచ్చి మాకు బడి పెట్టారో ఆ దేశంలోనే, ఏ దేవుని పేర పెట్టారో ఆ దేవుని పేరనే, మా అమ్మాయి పిల్లల్ని బడి మానిపించటం నాకు మింగుడుపడలేదు. అందులోనూ వాళ్లు వుండేది టెక్సాస్ రాష్ట్రం. దాని ముద్దుపేరు కూడా 'ఒంటరి నక్షత్ర రాష్ట్రం' అట!

కోవిడ్ భయాలు తగ్గి, వీసా చేతికి వచ్చి, 2023 ఆగస్టులో గాని నేను వెళ్లలేకపోయాను. అక్కడ బడులు తెరిచేదీ ఆగస్టులోనే. పొద్దున్నే పసుపుపచ్చని బస్సు వచ్చి వీధి మలుపులో ఆగటం, ఇరుగుపొరుగు పిల్లలు సంచులు తగిలించుకుని ఎక్కటం, మా తొమ్మిదేళ్ల మనవడూ ఆరేళ్ల మనవరాలూ కిటికీకి అతుక్కుపోయి చూడటం మొదటి వారంలోనే నా కంటబడింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "బస్సెక్కాలని వుందా నాన్నా?" అని వాణ్ణి దగ్గరకు తీసుకుని అడిగాను. "లేదమ్మమ్మా. ఆ డ్రైవరు తాత రోజూ మాకు చెయ్యి వూపుతాడు. అందుకని చూస్తాం" అన్నాడు. నా కళ్లనీళ్లు వృథా అయినాయి.

వాళ్ల బడి భోజనాలబల్ల. పొద్దున్న పలహారం పళ్లాలు తీయగానే దానిమీద గుడ్డ తుడిచి ఒక కీర్తన పాడతారు, ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత లెక్కలు. ఒక్కొక్క పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు దాటదు. మా అమ్మాయి అనుసరించే పద్ధతి షార్లెట్ మేసన్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయినిది. 1842లో పుట్టి 1923లో గతించిన ఆమె, చిన్నపిల్లలకు పాఠం పొట్టిగా వుండాలనీ, మంచి పుస్తకాన్ని ఒక్కసారే చదివి వినిపించి విన్నది పిల్లవాడి నోటనే తిరిగి చెప్పించాలనీ, రోజూ ఆరుబయట చెట్టూ పిట్టా చూపించాలనీ బోధించింది. తప్పులు పట్టుకుందామని కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్న నేను, మా మనవడు ఒక ఉడుత కథ విని పొల్లుపోకుండా తిరిగి చెప్పటం చూసి కాస్త తగ్గాను. 45 మందిని ముందు కూర్చోబెట్టుకున్న నా తరగతిలో, ఒక్కొక్కరి నోట కథ చెప్పించటానికి నాకు ఏనాడు తీరింది కనుక?

ఇక చట్టం సంగతి. ఇంట్లో చదువు చెప్పటాన్ని టెక్సాస్‌లో ప్రైవేటుబడితో సమానంగా చూడాలని 1994లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఖాయం చేసింది. చదవటం, వర్ణక్రమం, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరధర్మం అనే అయిదూ చిత్తశుద్ధితో నేర్పితే చాలు. తనిఖీ చేసే ఇన్స్పెక్టరు లేడు, పరీక్షలు పెట్టే ప్రభుత్వమూ లేదు. న్యూయార్కు, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలలో కట్టుదిట్టాలు ఎక్కువట. ఏమైనా 1993 నాటికే ఆ దేశంలోని అన్ని రాష్ట్రాలలోనూ ఇంటిచదువు చట్టసమ్మతమైపోయింది.

నోరు కట్టుకుని వారం రోజులున్నాను. ఆ పైన వుండబట్టలేక, ఒక రాత్రి భోజనాల దగ్గర, "మీ కారణాలేమిటో ఈ పంతులమ్మకు వరసగా చెప్పండి. మార్కులు నేను వేసుకుంటాను" అన్నాను.

మా అల్లుడు నెమ్మదస్థుడు. "అత్తయ్యగారూ, ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం మీకు తెలియనిదా?" అన్నాడు. తెలియకేం! ఇంట కూర్చున్నా, దారిన నడిచినా, పడుకోబోయేముందూ లేచినప్పుడూ దేవుని మాట బిడ్డలకు తలిదండ్రులే చెప్పుకోవాలని అక్కడ వున్నది. "పిల్లలు మేలుకునివుండే పొద్దులో సగం బడిలోనే గడిచిపోతే ఇక దారిన నడిచేదెప్పుడు, చెప్పేదెప్పుడు? పైగా ప్రభుత్వ బడులు పిల్లలచేత ప్రార్థన చేయించటం రాజ్యాంగ విరుద్ధమని 1962లోనూ, బైబిలు పఠనం జరిపించటం విరుద్ధమని 1963లోనూ సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. చాలామంది క్రైస్తవ కుటుంబాలవారికి అప్పటినుంచే బడి పరాయిదైంది" అన్నాడు.

"బాబూ, బిడ్డ తనంతట తాను ప్రార్థించుకోవటాన్ని ఆ తీర్పులు కాదనలేదు కదా? నేను చదివిన బడిలో వందమందిలో మనవాళ్లం అయిదుగురం. పక్కన తమిళపిల్ల, ఆ పక్కన ఉర్దూ మాట్లాడే పిల్ల. నా భక్తి ఏమీ కరిగిపోలేదే!" అన్నాను. అల్లుడు నవ్వి, "అదీ నిజమే" అని అంగీకరించాడు. ఈ కారణానికి నేను సగం మార్కులే వేశాను.

రెండో కారణం మా అమ్మాయి చెప్పింది. 2022 మే 24న అదే టెక్సాస్‌లో యువాల్డీ అనే చిన్న ఊళ్లో ఒక కుర్రవాడు తుపాకితో ప్రాథమిక పాఠశాలలో జొరబడి 19 మంది పిల్లల్నీ ఇద్దరు ఉపాధ్యాయినులనూ చంపాడు. "మేము అంతకు ఏడాది ముందే మానిపించాం గనుక దానికి భయపడి మానిపించామని చెప్పను. కాని ఆ రోజు టీవీ ముందు పిల్లలిద్దర్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, మళ్లీ పంపాలన్న ఆలోచన చచ్చిపోయిందమ్మా" అన్నది. దీనికి నేను మార్కులు వేయలేదు. తల్లి భయానికి మార్కులు వేయటానికి నేనెవరిని?

మూడోది మా మనవడి సంగతి. కోవిడ్ ఏడాది కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒకటో తరగతి చెప్పారు. అప్పటికి వాడికి చదవటం పట్టుబడలేదు. తోటివారు గడగడా చదువుతుంటే వీడు తెరముందునుంచి లేచి బల్లకింద దాక్కునేవాడట. ఇంట్లో తొందర పెట్టకుండా కూర్చోబెడితే ఎనిమిదో యేట ఒక్కసారిగా అందుకున్నాడు. ఇది నాకు అనుభవమైన విషయమే. ఆలస్యంగా పూసే పిల్లలు ప్రతి తరగతిలోనూ నలుగురుంటారు. గంట కొట్టి నడిపే బడి వాళ్లకోసం ఆగదు. దీనికి పూర్తి మార్కులు వేశాను.

శుక్రవారం నాడు ఇటువంటి తల్లులందరూ ఒక గుడి హాలులో పిల్లలతో కలుస్తారు. ఒక తల్లి సైన్సు చెబుతుంది, మరొకామె పాట నేర్పుతుంది. నన్ను కూడా లెక్కల ఆటలు ఆడించమన్నారు. అక్కడ వాళ్లనీ అడిగాను. అయిదుగురు బిడ్డల తల్లి ఒక తెల్ల ఇల్లాలు, "ఈ పిల్లలు నా దగ్గర వుండేదే పద్దెనిమిదేళ్లు. అందులో సగం ఎవరికో ఇచ్చేయటం నాకిష్టం లేదు" అన్నది. ఒక నల్లజాతి తల్లి, "నా కొడుకు గట్టిగా నవ్వినా బడిలో అల్లరివాడని పేరు పెట్టారు. అది వాడు నమ్మటం మొదలుపెట్టకముందే ఇంటికి తెచ్చుకున్నాను" అన్నది. ఇద్దరూ దైవభక్తి గలవారే. అయినా ఇద్దరి నోటా మొదట వచ్చింది మతం మాట కాదు, బిడ్డ మాట. తర్వాత తెలిసిందేమంటే, అమెరికా ప్రభుత్వ విద్యాశాఖ 2016లో లెక్క తీస్తే సుమారు 17 లక్షల మంది పిల్లలు ఇంట చదువుతున్నారట. అన్నింటికంటె ముఖ్యమైన కారణమేదంటే, నూటికి 34 మంది పిల్లల తలిదండ్రులు బడి వాతావరణమనీ, 17 మందివారు చదువు బాగుండలేదనీ చెప్పారు. మతబోధ కోసమన్నవారు 16. కోవిడ్ వచ్చిన 2020లో వసంతకాలంనాటికి నూటికి అయిదు కుటుంబాలకు పైచిలుకు ఇట్లా చేస్తుంటే, ఆ శీతకాలం ముందు మరలా అడిగేసరికి పదకొండు అయినాయి. అసలు ఈ ఉద్యమానికి ఆద్యులలో ఒకరైన జాన్ హోల్ట్ మతంకోసం మాట్లాడినవాడే కాదు. పిల్లలు బడిలో ఎందుకు ఓడిపోతున్నారని 1964లో పుస్తకం రాసిన ఉపాధ్యాయుడు. క్రైస్తవ కుటుంబాలు పెద్దసంఖ్యలో వచ్చి చేరింది 1980 తర్వాతి సంవత్సరాలలో.

ఇంతవరకూ వాళ్ల పక్షం చెప్పాను. నా పక్షం కూడా నేను దాచుకోలేదు.

ఒకనాటి మధ్యాహ్నం అంట్లు తోముతూ మా అమ్మాయితో అన్నాను: "నా తరగతిలో ఒక పిల్ల వుండేది. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చేది. ఒకనాడు బోర్డుమీద లెక్క చేస్తూ చెయ్యెత్తితే చొక్కా జారి, వాతలు కనిపించాయి. ఇంట్లో సవతితల్లి పెట్టినవి. ఆ పిల్ల బడికి రాకపోతే ఆ వాతలు ఎవరు చూసేవారు? మీ రాష్ట్రంలో ఇంటికి వచ్చి చూసే దిక్కు లేదంటివి. నీవంటి తల్లికి అక్కరలేదు నిజమే. అందరూ నీవంటి తల్లులేనా?" మా అమ్మాయి చేతిలో పళ్లెం అట్లాగే పట్టుకుని నిలబడింది. ఆ దేశంలో బిడ్డ ఒంటిమీద దెబ్బ చూసి అనుమానం కలిగితే అధికారులకు చెప్పి తీరవలసిన బాధ్యత చట్టం ఉపాధ్యాయులకు పెట్టింది. ఆ రెండో జత కళ్లు ఇంటిబడిలో వుండవు.

"ఇంకొకటి. మంచి పౌరధర్మం ఒక పాఠమన్నావు. మన గుడివాళ్లతో, మన ఆలోచనవాళ్లతో తప్ప కలవని పిల్లవాడికి అది ఎవరితో నేర్పుతావు? భోజనాలబల్లతోనా? మీ ముత్తాతగారి నాన్నను అరుగు ఎక్కనివ్వని ఊరు కూడా 'మావాళ్లు మాకు చాలు' అనే అనుకున్నది."

మాట కాస్త కటువుగానే వచ్చింది. మా అమ్మాయి పళ్లెం కింద పెట్టి, చాలాసేపటికి, "అమ్మా, నేను ఒక్క కారణం నీకు చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటావని" అన్నది.

"చెప్పు."

"నేను నీ బడిలోనే చదివాను. బడిలో నిన్ను 'టీచర్' అని పిలవాలి, అమ్మా అనకూడదు. సాయంత్రం ఇంటికొస్తే నీ ముందు కట్టలకొద్దీ నోటుపుస్తకాలు. నా పుస్తకం ఆ కట్టలో వుంటేనే నువ్వు చూసేదానివి. నాకు తెలుగు అక్షరాలు ఎవరు నేర్పారు? నాయనమ్మ. పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దించింది. కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివించింది. నేను చదివిన చదువంతటిలోనూ నాకు బాగా జ్ఞాపకమున్నది ఆ బియ్యపు పళ్లెమే. నా పిల్లలకు ఆ పళ్లెం నేనే పట్టుకోవాలని వుంది."

నేనేమీ అనలేదు. అనటానికి ఏమున్నది? ఊళ్లోవాళ్ల పిల్లలు ఈనాటికీ బజారులో కనిపిస్తే చేతులు జోడించి పలకరిస్తారు. ఆ గర్వంతో ఇన్నాళ్లూ బ్రతికాను. నా బిడ్డ నా ముందు వరసలో కూర్చుని నాకోసం ఎదురుచూసిందని నాకు తెలియనే లేదు. ఆ రోజు సాయంత్రం తోటలో ఒంటరిగా కాసేపు కూర్చుని వచ్చాను. లోపలికి వచ్చేసరికి మా అమ్మాయి కాఫీ కలిపి పెట్టింది. ఇద్దరమూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు పలహారం అయింతర్వాత నేనే ఒక పళ్లెంలో బియ్యం పోసి బల్లమీద పెట్టాను. మనవరాలు వేలు పెట్టి 'అ' దిద్దింది. మనవడు, "ఇది పాపాయిల పని" అని మూతి ముడిచి, పది నిమిషాలకు తానే వచ్చి కూర్చున్నాడు. ఆ పూటనుంచి నేను వున్నన్నాళ్లూ రోజూ పావుగంట తెలుగు. మొదట బియ్యం, తర్వాత పలక, తర్వాత నేను పెట్టెలో తీసుకువెళ్లిన తెలుగు బైబిలు. వత్తుల దగ్గర వాడు తడబడితే, నా నాలుక చివరిదాకా వచ్చిన చీవాట్లు మింగుకునేదాన్ని. 2024 జనవరి చివర నేను బయలుదేరే ముందు రోజు, ఇరవైమూడో కీర్తన మొదటినుంచి చివరిదాకా కూడబలుక్కుని చదివాడు. మా ముత్తాత మిషను బడిలో చదవటం నేర్చుకున్నది ఈ గ్రంథంలోనే. బడి అరుగు లేకుండానే అది వాడిదాకా వచ్చింది.

ఇప్పుడు చదువరులు నన్ను అడగవచ్చు: "అయితే పంతులమ్మగారూ, పిల్లల్ని బడి మానిపించమంటారా?" అనను. మా అమ్మాయి ఉద్యోగం మానుకోగలిగింది గనుక చేయగలిగింది. ఒంటి జీతంతో గడవని ఇంట్లో, ఒంటరి తల్లి ఇంట్లో, చదువు రాని తలిదండ్రుల ఇంట్లో ఆ మాటకు అర్థం లేదు. మన దేశంలోనూ నగరాలలో అక్కడక్కడ కొందరు పిల్లలకు ఇంట చదువు చెప్పి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పరీక్షలకు కట్టిస్తున్నారు. వాళ్ల కారణాలు వాళ్లవి. మా ముత్తాతను తలచుకుంటే బడి తలుపు మూయమని నా నోట రాదు.

కాని ఒకటి మాత్రం నేర్చుకుని వచ్చాను. బడికి పంపినా, పంపకపోయినా, కొన్ని చదువులు ఇంట్లోనే జరగాలి. భక్తి అందులో ఒకటి, మన భాష మరొకటి. తమిళనాడులో మన పిల్లలకు 2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతినుంచి తప్పనిసరి అయింది. ఏటేటా ఒక్కొక్క తరగతి పెరిగి పదో తరగతిదాకా వచ్చింది. తమిళం నేర్వటం మంచిదే. మనం తినే అన్నం ఈ నేలది. అయితే తెలుగుకు బడిలో చోటు తగ్గిన మాట నిజం. ఇక కన్నడదేశంలో, ఒడిషాలో, మహారాష్ట్రలో వున్న మనవారి సంగతి మీకే తెలుసు. ఆ విధంగా చూస్తే మన ఇళ్లన్నీ సగం ఇంటిబళ్లు కావలసినవే. "బడిలో చెప్పటంలేదు" అని నిట్టూర్చి ఊరుకునే హక్కు మనకు లేదు. ఈ మాట అందరికంటె ముందు నాకు నేను చెప్పుకోవలసింది.

తిరిగి వచ్చిన తర్వాత శనివారం సాయంత్రాలు మా వసారాలో చాప పరుస్తున్నాను. మా సందులో పిల్లలు ఏడుగురు వస్తారు. గుడికి వచ్చేవాళ్లు ముగ్గురు, రానివాళ్లు నలుగురు. బియ్యపు పళ్లేలు మావారు అందిస్తారు. "పింఛను పుచ్చుకుంటూ మళ్లీ ఉద్యోగమా" అంటూనే అందిస్తారు.

మా అమ్మాయి ఇంటిబడి మానలేదు. కాని పిల్లల్ని వారానికి రెండు సాయంత్రాలు ఊరి గ్రంథాలయానికీ, అన్ని రకాల పిల్లలూ వచ్చే ఫుట్‌బాల్ జట్టుకూ తీసుకువెళుతున్నదట. "పౌరధర్మం పాఠం" అని ఫోనులో నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

2024 ఆగస్టులో మనవడి దగ్గరనుంచి తపాలాలో ఒక ఉత్తరం వచ్చింది. తొమ్మిది వాక్యాలు, అన్నీ తెలుగులో. బస్సు డ్రైవరు తాత మారిపోయాడనీ, కొత్తాయన చెయ్యి వూపటంలేదనీ రాశాడు. వత్తులన్నీ తప్పులే. దిద్దకూడదు, దాచుకోవాలి అనుకుని బైబిల్లో పెట్టాను. రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో రోజు ఎర్రసిరా కలం వెతికి, తప్పులన్నీ దిద్ది, కింద "చాలా బాగుంది" అని రాసి, తిరుగు టపాలో పంపించాను. ఉత్తరం చేరినాక మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, వాడు దాన్ని గోడకు అంటించుకున్నాడు" అన్నది. ఒక క్షణం ఆగి, "నా పుస్తకంలో నువ్వు ఎన్నడూ 'చాలా బాగుంది' అని రాయలేదు తెలుసా?" అన్నది.

ఆమెకు ఒక ఉత్తరం రాయాలి. ఈ వ్యాసం అయింతర్వాత ఆ పనిమీదే కూర్చుంటాను.